సీసాలమ్మ పెట్టిన పేర్లు

మా అత్తకి రెండు పేర్లున్నాయి. ఒకటి నీళ్ల ఆఫీసు హాజరుపట్టీలో ఉంది. సంతకానికి తప్ప దాంతో ఎవరికీ పని లేదు. రెండోది సీసాలమ్మ. వీధి పంపుల దగ్గర బిందెలు పట్టుకుని నిలబడేవాళ్లంతా ఆ పేరుతోనే పిలుస్తారు. ఎవరు పెట్టారో తెలీదు కానీ, బదులు తీర్చుకున్నట్టు అత్త కూడా వాళ్ల పంపులన్నిటికీ పేర్లు పెట్టింది.

అత్త అంటే మా నాన్నకి అక్క. అమ్మా నాన్నా పని కోసం వేరే ఊళ్లో ఉంటారు. చదువుకోవడానికని నన్ను అత్త దగ్గర దింపారు. చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. నేను మాత్రం ఉండిపోయాను. నీళ్ల ఆఫీసు వాళ్లు అత్తకిచ్చిన రెండు గదుల క్వార్టర్లో, కిటికీ పక్కన కూచుని, దర్జీ ఇచ్చిన చొక్కాలకి కాజాలు కుట్టి బొత్తాలు వేస్తాను. నాకు నలుగురిలో మాట పెగలదు. అందుకని చూడటం అలవాటైంది. అత్తని చూసినంతగా నేను ఇంకెవరినీ చూడలేదు.

"మీ అత్త ఉద్యోగం ఏంటమ్మా, నీళ్లు పట్టడమా?" అని ఎవరైనా అంటే ఆవిడకి ఒళ్లు మండేది. "నీళ్లు పట్టడానికి ఉద్యోగం దేనికి, బిందె చాలదూ? నేను శాంపిళ్లు తీస్తాను" అనేది. ఊళ్లో మా వైపు ఇరవైనాలుగు వీధి పంపులున్నాయి. రోజుకి నాలుగు చొప్పున వారంలో అన్నీ తిరిగి, ఒక్కోదాన్నుంచి ఒక్కో చిన్న సీసా నింపి ఆఫీసులో ఉన్న ల్యాబుకి తెచ్చేది. సీసా అడుగున చిటికెడు మందుపొడి ఉంటుంది. గీత దాకా నీళ్లు పోసి మూత బిగించి, వెచ్చటి పెట్టెలో ఒక రోజు ఉంచితే విషయం తేలిపోతుంది. నీళ్లు మంచివైతే ఎండుగడ్డి రంగులోనే ఉంటాయి. మురుగు కలిసిందా, నల్లబడతాయి. "అక్షరం ముక్క రానివాడు కూడా చదివెయ్యగలిగిన పరీక్ష ఇది" అనేది అత్త.

ఆరు గళ్ల చెక్కపెట్టె చేత్తో పట్టుకుని తెల్లారి ఐదున్నరకి బయల్దేరేది. నాలుగు గళ్లలో సీసాలు, ఐదో గడిలో స్పిరిట్ దూది, ఆరో గడిలో అగ్గిపెట్టె, పట్టకారు. సీసా పెట్టేముందు పంపు మూతిని దూదిమంటతో కాల్చాలి. తర్వాత రెండు నిమిషాలు నీళ్లు వదిలెయ్యాలి. వదిలెయ్యడం అంటే వరసలో నిలబడ్డవాళ్లు ఊరుకుంటారా? చేరిన కొత్తలో ఒకావిడ చెంబు విసిరిందట. ఆ తర్వాత అత్త ఒక పద్ధతి పెట్టుకుంది. ఆ రెండు నిమిషాల నీళ్లు వరసలో ముందున్నవాళ్ల బిందెలో పడాలి. అయినా ఆవిడ వంతు మాత్రం ఎవరూ ముందుకి జరపలేదు. "ఆగమ్మా సీసాలమ్మా, వరస" అనేవాళ్లు. ఇరవైరెండేళ్లు అలాగే ఆగింది.

ఆఫీసు జాబితాలో పంపులకి ఒకటి నుంచి ఇరవైనాలుగు దాకా అంకెలే ఉన్నాయి. అత్తకి అంకెలు గుర్తుండవు. స్తంభం పక్కకి ఒరిగింది కుంటి పంపు. ఎంత బిగించినా కారుతూనే ఉండేది ఏడుపు పంపు. ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలీక, వచ్చిందంటే ఇంటిల్లిపాదీ చేతులు కట్టుకు నిలబడాల్సింది అల్లుడి పంపు. ఆఫీసర్ల ఇళ్ల ముందున్నది దొర పంపు. దానికి గొట్టం వేరే, నీళ్లు ఎప్పుడూ అద్దంలా ఉంటాయి. మా క్వార్టర్ల వెనక సందులోది గొణుగుడు పంపు, నీళ్లకన్నా ముందు చప్పుడు వస్తుంది. సీసాలకి అంటించే చీటీల మీద కూడా అత్త ఈ పేర్లే రాసేది. ల్యాబులో సీసాలు పరీక్షించే ఆయన వాటిని చూసి అంకెలు వేసుకునేవాడు. ఆయన్ని అత్త 'తమ్ముడూ' అంటుంది, ఆయన 'అక్కా' అంటాడు. కాంట్రాక్టు ఉద్యోగం, ఎనిమిదేళ్ల తర్వాత ఈ ఏడే పర్మనెంటు చేస్తామన్నారు.

పదేళ్ల కిందట, ల్యాబు తమ్ముడు రాకముందు, ఎవరో సీసాలు తారుమారు చేసి ఆ తప్పు అత్త మీద తోశారు. మెమో ఇచ్చారు. అప్పటినుంచి ఆవిడ ఒక జాగ్రత్త నేర్చుకుంది. పరీక్ష అయ్యాక సీసాలు కడగడం కూడా ఆవిడ పనే. కడిగే ముందు చీటీని నానబెట్టి, చిరక్కుండా ఊడదీసి, ఆరబెట్టి, ఆఫీసులో పారేసిన పాత హాజరు రిజిస్టరులో అంటించేది. చీటీ మీద పంపు పేరు, తేదీ అత్త చేతిరాత. కింద ల్యాబువాళ్లు పెన్సిల్‌తో పెట్టిన గుర్తు. మంచివైతే సున్నా, చెడ్డవైతే నిండా దిద్దిన సున్నా. రేపెవరైనా వేలెత్తి చూపిస్తే మొహాన కొట్టడానికని దాచింది. మళ్లీ ఎవరూ వేలెత్తలేదు. అయినా అంటించడం మానలేదు.

ఆరేళ్ల కిందట ప్రభుత్వం కొత్త రూలు పెట్టింది. ఏ పంపు నీళ్లు ఎలా ఉన్నాయో ప్రతి వారం వెబ్‌సైటులో పెట్టాలి, జనమంతా చూసుకోవాలి అని. అంతకుముందు ల్యాబు రిజిస్టరులో అన్నీ పెన్నుతోనే రాసేవాళ్లట, నల్లనివి నల్లనివిగానే. ఎవరూ చూడనప్పుడు అబద్ధం ఎందుకు? అందరూ చూస్తారన్న ఏడాదే రిజిస్టరులోకి పెన్సిల్ వచ్చింది. అప్పుడే కొత్తగా వచ్చిన పెద్దసారు పెట్టిన పద్ధతి. ల్యాబులో పెన్సిల్‌తో రాయాలి, ఆయన 'పరిశీలించాక' పెన్నుతో దిద్దాలి, పెన్నుతో ఉన్నది వెబ్‌సైటుకి ఎక్కాలి.

ఇదంతా నాకు కిందటేడు దాకా తెలీదు. ఒకరోజు అత్త చెప్పులు విప్పుతూ, "ఈ వారం నీళ్లు కాచుకుని తాగు" అంది. అలా అప్పుడప్పుడూ అనేది. నేను ఫోన్లో ఆ వెబ్‌సైటు చూశాను.

"ఇందులో బాగానే ఉన్నాయని ఉంది కదత్తా."

"ఎందులో?"

చూపించాను. ఇరవైనాలుగు అంకెల పక్కన ఇరవైనాలుగు పచ్చ చుక్కలు.

"పచ్చ అంటే?"

"మంచివని."

"మంచివా? గొణుగుడు పంపు సీసా తారులా ఉంటే నిన్న నా చేత్తో కడిగాను. వెనక్కి జరుపు, పోయిన వారం చూద్దాం."

పోయిన వారం పచ్చ. అంతకుముందూ పచ్చే. అత్త మంచం కింద నుంచి రిజిస్టరు లాగింది. ఆవిడ తేదీ చదువుతుంటే నేను ఫోన్లో వెతికాను. దిద్దిన సున్నా ఉన్న ప్రతిచోటా పచ్చ చుక్క. అలా వెనక్కి వెళ్లి వెళ్లి ఐదేళ్ల కిందటి పేజీ తిప్పాం. గొణుగుడు పంపు, మూడు వారాలు వరసగా దిద్దిన సున్నాలు. ఆ నెల నాకు గుర్తే. నాకు మొదటిసారి టైఫాయిడ్ వచ్చింది అప్పుడే. తగ్గి బడికి పోతే మళ్లీ తిరగబెట్టింది. ఆ ఏడు పరీక్షలు పోయాయి, తర్వాత చదువే పోయింది.

అత్త ఆ పేజీ మీద చెయ్యి పెట్టి కూచుంది.

"నీకు కాచినవే ఇచ్చానే" అంది.

"బడి నుంచి వస్తూ పంపు దగ్గరే తాగేదాన్నత్తా. దాహమేసి."

"పెద్దసారు పెన్సిల్ రాతలు చెరిపేస్తాడని నాకు తెలుసు. బల్ల మీద రబ్బరు పొట్టు తుడిచినదాన్ని నేనే కదా. గొట్టం బాగుచేయించాక చెరుపుతున్నాడేమో అనుకున్నా. అనుకోవడం నాకు తేలిగ్గా ఉంది." రిజిస్టరు మూసి మళ్లీ అంది, "మనింటికి చెప్పాను. వీధికి చెప్పలేదు. అదీ నేను చేసింది."

నేనే పెద్దసారుకి చెప్పమన్నాను. మర్నాడు చెప్పింది. "నీ పని సీసాలు తేవడం. రంగులు చూడటం కాదు" అన్నాడట. పై ఆఫీసుకి ఉత్తరం రాయించింది. ఆ ఉత్తరం తిరిగి తిరిగి విచారణ కోసం పెద్దసారు బల్ల మీదకే వచ్చింది. దొంగ చేతికే తాళం అన్నట్టు అయింది. అందులో పేరు పెట్టలేదు కాబట్టి బతికింది.

మా దర్జీకి ఒక అలవాటుంది. పని చేస్తూ ఫోన్లో వార్తలు పెద్దగా చదువుతాడు. 'కిటికీ' అని ఒక వెబ్‌సైటు ఉందని ఆయన దగ్గరే విన్నాను. ఆఫీసుల్లో దాచిపెట్టే కాగితాలు ఎవరైనా పంపొచ్చు, పేరు చెప్పక్కర్లేదు. వాళ్లు సరిచూసుకుని పెడతారు. అత్తకి చెప్పాను.

"పట్టుకుంటే?" అంది.

"పేరు ఉండదత్తా."

"నా పేరు సంగతి కాదే. ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది. ఉద్యోగం పోతే క్వార్టర్ పోతుంది. నిన్ను పెట్టుకుని ఎక్కడికి పోను?" అంది. ఆ మాట అంటూనే రిజిస్టరు నా ఒళ్లో పెట్టింది.

అందులోవన్నీ ఫోన్లో పట్టికగా ఎక్కించడానికి ఇరవై మధ్యాహ్నాలు పట్టింది. ఆ ఆరేళ్లలో నల్లబడిన సీసాలు మూడు వందల పన్నెండు. ఒక్కో వరసలో తేదీ, పంపు, ల్యాబు గుర్తు, వెబ్‌సైటు రంగు. అత్త చేతిరాత కనపడకూడదని ఫొటోలు పెట్టొద్దని రాశాను. 'కిటికీ' వాళ్లు సరిచూసుకోవడానికి ఫొటోలు అడిగితే విడిగా పంపి, పెట్టేటప్పుడు నా పట్టిక మాత్రమే పెట్టమన్నాను. పంపిన ఫోను సంగతీ, తీసిన చోటు సంగతీ ఎలా దాచాలో వాళ్లే చెప్పారు, అన్నీ చేశాను. ఎక్కడా తప్పు దొర్లకూడదని మూడుసార్లు సరిచూశాను. అంత జాగ్రత్త నా జన్మలో పడలేదు.

పట్టిక బయటికొచ్చిన మూడోరోజు అత్త ఏడుపు పంపుకి వెళ్లాల్సిన వంతు. అక్కడ రోడ్డు వారన బల్ల వేసుకుని ఇస్త్రీ చేసే ఆవిడ ఉంది. వీధిలో ఎవరి నోరు ఎక్కడిదాకా పోతుందో ఆవిడ నోరు అంతకన్నా ఒక ఇల్లు ఎక్కువ పోతుంది. ఆ ఉదయం అత్త పెట్టెతో వచ్చేసరికి ఇస్త్రీ ఆవిడ ఫోను పట్టుకుని చదువుతోంది.

"ఏడుపు పంపు, నలభై ఒక్కసారి నలుపు! కుంటి పంపు, ముప్పై ఆరు! దొర పంపు, ఒక్కటీ లేదు! చూశారా?"

అత్తని చూసి ఆపేసింది. అందరూ ఆపేశారు. ఎప్పుడూ 'ఆగమ్మా' అనే వరస పక్కకి జరిగింది. ముందున్న ఆవిడ తన బిందె తీసేసి, "రా సీసాలమ్మా, ముందు నువ్వు పట్టుకో" అంది.

అత్త ఇంటికొచ్చాక పెట్టె కింద పెట్టకుండానే అడిగింది.

"నువ్వు ఆ కాగితంలో పంపులకి ఏం రాశావే?"

"పంపుల పేర్లే."

"ఏ పేర్లు?"

"ఏడుపు పంపు, కుంటి పంపు... వాటి పేర్లే కదత్తా."

"అవి పేర్లు కాదే మొద్దూ! నా నోటి దూల! ఊరి మొత్తమ్మీద వాటిని అలా పిలిచేది నేనొక్కదాన్ని. నన్ను చూసి ఆ వరసల్లో వాళ్లు పిలుస్తారు. చేతిరాత దాచి, ఫోను దాచి, నోరు తీసుకెళ్లి బజార్లో పెట్టావా?"

చిన్నప్పటినుంచి ఆ పేర్లే వింటూ పెరిగాను. వాటికి వేరే పేర్లుంటాయని నా బుర్రకి తట్టలేదు. నిజం చెప్పాలంటే మూడుసార్లు సరిచూసింది అత్త కూడా. ఆవిడకీ తట్టలేదు. ఆ సంగతి ఆవిడకే గుర్తొచ్చినట్టుంది, తిట్టడం ఆపి, "నేనూ చదివాను కదా. గుడ్డిదానికి కుంటిది తోడు" అని మొహం కడుక్కోవడానికి పోయింది.

వారం రోజులు గుమ్మంలో చెప్పుల చప్పుడు వినపడితే చాలు, ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎవరూ రాలేదు. ఆఫీసు ఒక ప్రకటన మాత్రం పెట్టింది. 'సదరు పట్టికలో పేర్కొన్న పేర్లతో నగరంలో పంపులేవీ లేవు. ఇది కల్పితం' అని. పెద్దసారు స్వయంగా సంతకం పెట్టాడు. దర్జీ ఆ ప్రకటన పెద్దగా చదివితే కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఒకాయన, "అల్లుడి పంపు లేదంటాడా? మా ఆవిడ రోజూ దాని కాళ్లు పట్టుకుంటోంది!" అన్నాడు. నేను తలొంచుకుని బొత్తాలు కుట్టాను.

అత్త మాత్రం నవ్వలేదు. "ఆయన అబద్ధమాడలేదే. ఆయనకి నిజంగా తెలీదు. ఆరేళ్లలో ఒక్క పంపు దగ్గరికి వస్తే కదా."

కానీ తేదీలు సరిపోయాయి. పట్టికలో ఉన్న తేదీలు ల్యాబు రిజిస్టరులో పెన్సిల్ గుర్తు చెరిపిన తేదీలే అని పై ఆఫీసులో ఎవరో కనిపెట్టారు. పెన్సిల్ ఎవరి చేతిలో ఉంటుంది? ల్యాబు తమ్ముణ్ని సస్పెండ్ చేశారు. పర్మనెంటు కాగితం సంతకాల దాకా వచ్చి ఆగిపోయింది.

రెండురోజుల తర్వాత మధ్యాహ్నం ఆయన మా ఇంటికి వచ్చాడు. చేతిలో అత్త టిఫిన్ డబ్బా.

"నా సొరుగులో ఉండిపోయిందక్కా. గది తాళాలు అప్పజెప్పమన్నారు, అందుకని తెచ్చా" అన్నాడు.

అత్త కూచోమంది. టీ పెట్టింది. ఆయన టీ తాగి, గ్లాసు కింద పెట్టి, నా వైపు తిరిగాడు. "బాగా టైపు చేశావమ్మా. మూడు వందల పైచిలుకు వరసలు, ఒక్క తప్పు లేదు."

నేను అత్త వైపు చూశాను.

"తెలుసన్నమాట" అంది అత్త.

"ఎనిమిదేళ్లుగా ఆ చీటీలు చదువుతున్నానక్కా."

"మరి వాళ్లకి చెప్పలేదేం?"

"వాళ్లు అడిగింది 'ఈ పేర్లతో పంపులున్నాయా' అని. ల్యాబు దాటి బయటికెళ్లను, నాకు అంకెలే తెలుసు సార్ అన్నాను." నవ్వబోయి ఆపుకున్నాడు. "నువ్వు పెద్దదానివి. నీకు క్వార్టర్ ఉంది, ఈ పిల్ల ఉంది. నేను ఎక్కడో చోట చూసుకుంటాలే."

ఆయన వెళ్లాక అత్త ఖాళీ డబ్బాని కడిగింది. కాసేపటికి మళ్లీ అదే డబ్బా కడిగింది.

"చెప్పేస్తావా?" అన్నాను.

"నువ్వేమంటావ్?"

"క్వార్టర్ పోతే?"

"పోతే నువ్వూ నేనూ ఈ డబ్బా పట్టుకుని మీ నాన్న దగ్గరికి పోతాం. వాడు గదిలో పడుకుంటే మనం వసారాలో పడుకుంటాం." డబ్బా బోర్లించింది. "ఇంట్లోవాళ్లకి చెప్పుకుని వీధిని వదిలేసి ఒకసారి ఊరుకున్నాను. ఇప్పుడు తమ్ముడి నెత్తిన పెట్టి రెండోసారి ఊరుకోమంటావా?"

ఎంక్వైరీకి పై ఆఫీసు నుంచి ఒక మేడం వచ్చింది. అత్తని ఎవరూ పిలవలేదు. తనే వెళ్లింది. రిజిస్టరు బరువని నన్ను వెంట రమ్మంది. దాన్ని దుప్పటిలో చుట్టి గుండెలకి ఆనించుకుని, మీటింగు గది బయట బెంచీ మీద కూచున్నాను. తలుపు ఓరగా ఉంది. లోపల పొడుగు బల్ల, ఆ చివర మేడం, పక్కన పెద్దసారు, ఎదురుగా ల్యాబు తమ్ముడు నిలబడి ఉన్నాడు.

అత్త తలుపు తోసింది.

"ఏంటమ్మా, టీ ఇప్పుడు కాదు" అన్నాడు పెద్దసారు.

"టీ కాదు సార్. ఆ పేర్లు నావి."

"ఏ పేర్లు?" అంది మేడం.

"ఏడుపు పంపు, కుంటి పంపు, అల్లుడి పంపు... అన్నీనమ్మా. నేనే పెట్టాను. ఆ కాగితం కూడా మా ఇంట్లోంచే వెళ్లింది. ఈ తమ్ముడికి సంబంధం లేదు."

పెద్దసారు లేచాడు. "మేడం, ఈవిడ సీసాలు మోసే మనిషి. అసలు ఆ పేర్లతో పంపులే..."

"ఉన్నాయి సార్. నడిచి వెళ్లేంత దూరమే. పదండి, చూపిస్తాను."

మేడం గడియారం చూసుకుంది. తర్వాత అత్త పాదాలు చూసింది. పగిలిన మడమలు, అరిగిన చెప్పులు. ఇరవైరెండేళ్లలో ఆఫీసులో ఎవరైనా అవి చూశారో లేదో.

"పదండి" అంది.

సీసాల పెట్టె పట్టుకుని అత్త ముందు, మేడం వెనక, తర్వాత పెద్దసారు, ఇంకో రెండు సీసాలతో ల్యాబు తమ్ముడు, అందరికన్నా వెనక దుప్పటి మూటతో నేను. గేటు దాటాక పెద్దసారు ఆగి, అటూ ఇటూ చూసి, "ఎటు?" అన్నాడు. అత్త చేత్తో చూపించింది. మేడం చేతిలో పుస్తకం తెరిచి ఏదో ఒక ముక్క రాసుకుంది.

ఏడుపు పంపు దగ్గర అత్త సీసా తీసిచ్చింది. మేడం అడిగిందని పెద్దసారే పట్టుకుని సరాసరి పంపు కింద పెట్టాడు.

"అలా కాదు సార్" అంది అత్త. "ముందు మూతి కాల్చాలి. లేకపోతే మూతికున్న మురికిని నీళ్ల మీదకి నెట్టినట్టవుతుంది. అన్యాయంగా నీళ్లకి చెడ్డపేరు రాకూడదు."

దూది వెలిగించి చూపించింది. రెండు నిమిషాల నీళ్లు ఇస్త్రీ ఆవిడ బిందెలో పడ్డాయి. ఆవిడ పెద్దసారుని కిందనుంచి పైదాకా చూసి, "ఈయన కొత్తగా చేరాడా సీసాలమ్మా? పని నేర్పుతున్నావా?" అంది.

అలా ఆరు పంపులు తిరిగారు. సీసాలు మేడం తన గదిలో పెట్టి తాళం వేసింది. మర్నాడు నాలుగు నల్లబడ్డాయి. దొర పంపు సీసా ఎండుగడ్డి రంగులోనే ఉంది.

ల్యాబు తమ్ముడు పనిలోకి వచ్చాడు. పర్మనెంటు కాగితం ఇంకా రాలేదు, వస్తుందంటున్నారు. పెద్దసారుని వేరే ఊరికి మార్చారు. కుంటి పంపు, ఏడుపు పంపు దగ్గర గొట్టాలు తవ్వారు, కొత్తవి ఇంకా వెయ్యలేదు. గొణుగుడు పంపు వంతు ఇంకా రాలేదు, నీళ్లు కాచుకునే తాగుతున్నాం. అత్త రిజిస్టరుని సాక్ష్యమని తీసుకున్నారు, మళ్లీ ఇవ్వలేదు. అడిగితే ఫైలులో ఉందన్నారు. అత్త ఉద్యోగం పోలేదు, క్వార్టర్ పోలేదు. కానీ అనుమతి లేకుండా ఆఫీసు సమాచారం బయటపెట్టినందుకు శాంపిళ్ల పని నుంచి తీసేసి ఇన్‌వార్డులో వేశారు. జనం తెచ్చే అర్జీలు తీసుకుని, స్టాంపు వేసి, నంబరు వెయ్యడం ఆ పని.

అత్తకి అది పెద్ద శిక్షే. ఐదున్నరకి మెలకువ వచ్చేస్తుంది. చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి, మళ్లీ విప్పేసేది. "కుర్చీలో కూచుంటే కాళ్లు నొప్పులే" అనేది. ఆవిడ బదులు కొత్తగా ఒకతన్ని పెట్టారు. అతనికి మోటారు సైకిలుంది. వీధుల్లో మాత్రం ఎవరికీ కనపడడు. నాలుగు సీసాలూ దొర పంపు దగ్గరే నింపుకుపోతున్నాడని ఇస్త్రీ ఆవిడ కనిపెట్టింది. వెబ్‌సైటులో చుక్కలన్నీ మళ్లీ పచ్చగా ఉన్నాయి.

పోయిన మంగళవారం నేను అత్తకి అన్నం డబ్బా తీసుకెళ్లాను. ఇన్‌వార్డు కిటికీ ముందు పదిమంది ఉన్నారు. ఇస్త్రీ ఆవిడ వాళ్లందరినీ దాటుకుని రాబోయింది.

"ఆగమ్మా, వరస" అంది అత్త తలెత్తకుండా.

ఆవిడ నవ్వి వెనక్కి పోయి నిలబడింది. వంతు రాగానే ఒక కాగితం, దాంతోపాటు ఒక చిన్న సీసా కిటికీలో పెట్టింది. గీత దాకా నీళ్లు. మీద చీటీ. 'ఏడుపు పంపు' అని వంకర అక్షరాలతో.

"సీసా ఎక్కడిది?"

"ల్యాబాయన ఇచ్చాడు."

"మూతి కాల్చావా?"

"ఇస్త్రీ పెట్టెలో నిప్పులుండగా నాకు దూది దేనికి? పట్టకారుతో ఒక బొగ్గు తీసి చుట్టూ తిప్పా. రెండు నిమిషాల నీళ్లు పక్కింటామె బిందెలో పోశా."

అత్త అర్జీ చదివింది. 'మా పంపు నీళ్ల శాంపిలు జతపరిచాము, పరీక్షించి ఫలితం తెలపగలరు' అని ఉంది. స్టాంపు వేసింది. నంబరు వేసింది. 'జతపరిచినవి: సీసా ఒకటి' అని పెన్నుతో రాసి, పక్కనున్న స్కానరులో పెట్టింది. ఇన్‌వార్డులో పెన్సిల్ ఉండదు. అక్కడ రాసింది సాయంత్రం ఐదుకల్లా దానంతటదే వెబ్‌సైటుకి ఎక్కుతుంది, మధ్యలో ఎవరూ పరిశీలించరు. అత్తని అక్కడ వేసినవాళ్లు ఆ సంగతి ఆలోచించినట్టు లేదు.

సీసాని ఎండ పడే చోట, కిటికీ గట్టు మీద పెట్టింది. బుధవారం మధ్యాహ్నానికి నల్లబడింది. వరసలో ఉన్నవాళ్లంతా దాన్ని చూస్తున్నారు. లోపలనుంచి కొత్త పెద్దసారు గుమస్తా వచ్చి, "అదేంటమ్మా అక్కడ, తీసెయ్" అన్నాడు.

"నంబరు పడింది బాబూ" అంది అత్త. "ఎవరికి పంపాలో సారు చేత కాగితం మీద రాయించుకురా, పంపిస్తాను."

అతను రాయించుకు రావడానికి లోపలికి వెళ్లాడు. అత్త తర్వాత మనిషిని పిలిచింది. వరసలో ఆ మనిషి వెనక కుంటి పంపు వీధి ఆవిడ నిలబడి ఉంది. చేతిసంచిలో చెయ్యి పెట్టి, గుడ్డలో చుట్టిన సీసా ఒకటి బయటికి తీస్తోంది.